విరిగిన ఎముక, తెగిన కూలి

1

వైద్యచరిత్రను వైద్యుల చరిత్రగా రాయడం మనకు అలవాటయింది. ఏ సంవత్సరంలో ఏ ఆసుపత్రి కట్టారు, ఏ మందు ఎవరు కనిపెట్టారు, ఏ మంత్రి ఏ పథకాన్ని ప్రారంభించారు - మన పుస్తకాలలో ఇవే కనిపిస్తాయి. రోగి కనిపించినా మంచం మీద పడుకొన్నవాడుగా మాత్రమే కనిపిస్తాడు. ఆ మంచం ఎక్కకముందు అతడు ఏ పని చేసేవాడు, మంచం మీద ఉన్నన్నాళ్ళూ అతని ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగింది అన్న ప్రశ్న రాదు. ఆరోగ్య విధానానికీ, దేశ ఆర్థిక వ్యవస్థకూ ఉన్న సంబంధమంతా ఈ అడగని ప్రశ్నలోనే ఉన్నదని నా అభిప్రాయం. ఆ సంబంధాన్ని పుత్తూరు అనే ఒక చిన్న పట్టణాన్ని ఆధారం చేసుకొని పరిశీలించదలచాను.

పుత్తూరు పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీ ప్రాంతంలోని ఊరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మద్రాసును బొంబాయితో కలుపుతూ 1871లో పూర్తయిన రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. చుట్టూ వేరుసెనగ, చెరకు, మామిడి. నగరి, నారాయణవనం, పుత్తూరులలో మగ్గాలు, మరమగ్గాలు. దక్షిణాదిన ఈ ఊరి పేరు తెలియనివాళ్ళు తక్కువ. అయితే ఆ పేరు తెచ్చింది పంటా కాదు, బట్టా కాదు. ఎముక విరిగితే కట్టే కట్టు. మద్రాసులోనూ, బెంగుళూరులోనూ వీధివీధికీ 'పుత్తూరు కట్టు' అనే బోర్డులు కనిపిస్తాయి. వాటిలో అనేకం ఈ ఊరితో ఏ సంబంధమూ లేనివే. ఒక ఊరి పేరు ఒక వైద్యానికి పేరుగా మారిపోవడం చిన్న విషయం కాదు.

2

కట్టు కథ అందరికీ తెలిసినదే. పుత్తూరు పక్కన ఈశ్వరాపురం ప్రాంతానికి చెందిన రాజుల కుటుంబంలో ఒకాయన వేటకు పోయి కుందేలును కొట్టి, మాంసాన్ని ముక్కలు చేసి ఏదో ఆకులో చుట్టి తెచ్చాడట. ఇంటికి వచ్చి విప్పి చూస్తే ముక్కలు అతుక్కొని ఉన్నాయట. ఆ ఆకే ఈ వైద్యానికి మూలమని చెప్పుకుంటారు. నూరేళ్ళు దాటినా ఆ కుటుంబంవారి వంశవృత్తిగా కట్టు సాగుతూనే ఉన్నది. కథను కథగా తీసుకుందాం. వేట, కత్తి, గుర్రం జీవితంలో భాగమైన ఒక సమూహంలో ఎముకలు విరగడం నిత్యకృత్యం గనుక, వాటిని సరిచేసే నేర్పు అక్కడ తరతరాలుగా పేరుకొన్నదని నేను ఊహిస్తున్నాను.

ఇక చేసే పద్ధతి చూస్తే అందులో మాయ ఏమీ లేదు. విరిగిన చోటును చేత్తో తడిమి, ఎముకను లాగి సరిచేస్తారు. ఆకు పసరూ, కోడిగుడ్డు తెల్లసొనా పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డతో కడతారు. కొన్నాళ్ళకొకసారి వచ్చి కట్టు మార్పించుకొని పోవాలి. ఇప్పుడు ఎక్స్‌రే తీయించుకొని వచ్చేవాళ్ళూ ఉన్నారు.

ఈ వైద్యాన్ని గురించి మన విద్యావంతులలో రెండు వాదాలు ఉన్నాయి. మన పూర్వులకు తెలియని శాస్త్రం లేదనీ, ఆ ఆకు రహస్యం ముందు పాశ్చాత్య వైద్యం దిగదుడుపనీ ఒక వాదం. ఇదంతా అజ్ఞానమనీ, చదువు లేని జనం మోసపోతున్నారనీ రెండవ వాదం. ఈ రెండూ పైకి పరస్పర విరుద్ధాలు. లోపల రెండింటిదీ ఒకే దృష్టి. జనం పుత్తూరుకు వచ్చేది ఒక నమ్మకం వల్లనే అని రెండూ అంగీకరిస్తాయి. ఆ నమ్మకాన్ని ఒకరు పొగుడుతారు, ఒకరు తెగుడుతారు, అంతే తేడా.

శాస్త్రం చెప్పేది వేరు. ఎముకను అతికించేది ఆకూ కాదు, సుద్దకట్టూ కాదు. అతుక్కోవడం ఎముకకున్న స్వభావం. విరిగిన కొసలను సరిగా ఎదురెదురు చేర్చి, కదలకుండా పట్టి ఉంచి, కాలం ఇస్తే కొత్త ఎముక పుట్టి అతుక్కుంటుంది. చేతి ఎముకకు సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు, కాలి పెద్ద ఎముకకు పన్నెండు వారాలు, అంతకు మించి కూడా పడుతుంది. చర్మం చీలకుండా, కొసలు పెద్దగా జరగకుండా విరిగినప్పుడు వెదురు దబ్బ చేసే పనికీ, సుద్దకట్టు చేసే పనికీ మూలసూత్రం ఒకటే. కాని గాయమై ఎముక బయటపడినప్పుడు, కీలులోకి విరిగినప్పుడు, తొడ ఎముక తల విరిగినప్పుడు కట్టు చాలదు. బిగువైన కట్టు వల్ల రక్తప్రసారం ఆగి చేయి శాశ్వతంగా వంకరపోవచ్చు, కుళ్ళి తీసివేయవలసి రావచ్చు. ఈ ప్రమాదాన్ని దాచిపెట్టి కట్టును కీర్తించడం ప్రజల పట్ల ద్రోహమే అవుతుంది.

అయితే జనం ఎందుకు వస్తారు? నేను ఈ ఊళ్ళో చాలా ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. కట్టుకు వచ్చినవాళ్ళతో మాట్లాడే అవకాశం నాకు తరచు కలిగింది. ఆసుపత్రికి ఎందుకు పోలేదని అడిగితే, ఆకు మహిమ గురించి చెప్పినవాళ్ళ కంటే పని గురించి చెప్పినవాళ్ళే ఎక్కువ. "ఆడ చేరితే నేనొక్కణ్ణే గాదు సార్, తోడుకు నా పెండ్లాము గూడా ఉండాల. ఇద్దరి కూలీ పోతాది. ఈడైతే పొద్దున వస్తిమి, సాయంత్రానికి ఇల్లు చేరతాము" అన్నాడు మామిడిచెట్టు మీదనుంచి పడ్డ ఒక కూలి. ఆరోగ్య విధానం గురించి ఇంత సూటిగా చెప్పిన మాట నాకు ఏ నివేదికలోనూ కనిపించలేదు. విరిగిన ఎముక అసలు ఖరీదు కట్టుకు ఇచ్చే డబ్బులో లేదు. పని లేకుండా కూర్చోవలసిన పన్నెండు వారాలలో ఉన్నది. పుత్తూరు కట్టు ఆ పన్నెండు వారాలను తగ్గించదు. కాని వాటి మీద మరికొంత భారం వేయదు. దాని బలం అక్కడున్నది.

3

ప్రభుత్వాలు ఈ ఖరీదును ఎప్పుడైనా లెక్కలోకి తీసుకొన్నాయా అన్నది చరిత్ర ప్రశ్న. మన ప్రాంతంలో ఆరోగ్య సంస్కరణ అనదగినది 1920లలో మొదలయింది. 1919 చట్టం ప్రకారం రాష్ట్రాలలో ద్వంద్వపాలన వచ్చింది. ఆరోగ్యం, విద్య, స్థానిక స్వపరిపాలన వంటి శాఖలను భారతీయ మంత్రులకు 'బదలాయించారు.' భూమిశిస్తు, పోలీసు, ఆర్థికం మాత్రం గవర్నరు చేతిలోనే 'ప్రత్యేకించి' ఉంచుకొన్నారు. ఆసుపత్రి మంత్రిది, పెట్టె తాళం దొరది. ఆరోగ్యశాఖ ఖర్చుల శాఖ గనుకనే దానిని మనవాళ్ళకు అప్పగించడానికి వలస ప్రభుత్వానికి అభ్యంతరం లేకపోయింది.

ఆ మంత్రులలో ముఖ్యుడు పానగల్లు రాజా, అనగా పానగంటి రామరాయణింగారు. ఆయన పుట్టింది పుత్తూరుకు దూరం కాని కాళహస్తిలో. 1921 నుంచి 1926 వరకు జస్టిస్ పార్టీ పక్షాన మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్నారు. ఆయన కాలంలో రెండు పనులు జరిగాయి. దేశీయ వైద్యాల స్థితిని విచారించడానికి మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన 1921లో ఒక సంఘాన్ని వేశారు. అది 1923లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల తెరిచారు. సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన జి. శ్రీనివాసమూర్తి దానికి ప్రిన్సిపాలు అయ్యారు. రెండవది, 1924లో వచ్చిన గ్రామీణ వైద్యుల పథకం. ప్రభుత్వం స్వయంగా గ్రామాలలో ఆసుపత్రులు కట్టడానికి బదులు, పల్లెలో స్థిరపడే ప్రయివేటు వైద్యుడికి సాలుకు కొంత సబ్సిడీ ఇస్తుంది. అతడు పేదలకు ఉచితంగా వైద్యం చేయాలి, కలిగినవారి వద్ద ఫీజు తీసుకోవచ్చు.

మొదటి సంస్కరణ జాతీయ చైతన్యంలోంచి పుట్టింది. పాశ్చాత్య వైద్యులు దేశీయ వైద్యాన్ని తృణీకరించిన కాలంలో దానికి గౌరవం తెచ్చింది. దాని ప్రాముఖ్యాన్ని మనం కాదనరాదు. కాని ఆ గౌరవం గ్రంథాలున్న వైద్యానికి దక్కింది. ఆయుర్వేదం, సిద్ధ, యునానీలకు శ్లోకాలున్నాయి, శాస్త్రాలున్నాయి, పండితులున్నారు. చేతిలో తప్ప పుస్తకంలో లేని కట్టు వైద్యం పాఠశాల గడప దాటలేదు. అంతకంటె గట్టిగా చూడవలసినది రెండవ సంస్కరణను. ప్రజల సొమ్ము, ప్రయివేటు వైద్యుడు, ఉచితం అనే మాట - ఈ మూడింటి కలయిక మన రాష్ట్రంలో 2007లో మొదటిసారి పుట్టిందని అనుకొనేవాళ్ళు 1924ను గుర్తుంచుకోవాలి. పెట్టె తాళం తమ చేతిలో లేని మంత్రులు చౌకగా దొరికే దారిని వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. తాళం చేతికి వచ్చిన తర్వాత కూడా అదే దారిని పట్టడమే ఆలోచించవలసినది.

4

ఇదే కాలానికి బయట ప్రపంచంలో ఏమి జరిగిందో చూద్దాం. జర్మనీలో 1883లో బిస్మార్కు కార్మికుల అనారోగ్య బీమా చట్టం తెచ్చాడు. అతడు కార్మికవర్గ మిత్రుడేమీ కాదు. సోషలిస్టు పార్టీని నిషేధించినవాడు. పెరుగుతున్న కార్మికోద్యమాన్ని చల్లార్చడానికే ఆ చట్టం తెచ్చాడు. ఆ చట్టంలో ప్రధానమైనది మందుల సీసా కాదు. జబ్బుపడిన మూడవ రోజునుంచి పదమూడు వారాల వరకూ కార్మికుడికి సగం కూలి ఇవ్వాలన్నది. తొలి రోజులలో ఆ నిధులు వైద్యానికి ఖర్చు చేసినదానికంటె కూలికింద ఇచ్చినదే ఎక్కువ. పదమూడు వారాలు అంటే కాలి ఎముక అతకడానికి పట్టే కాలం! కార్మికుడికి అనారోగ్యం అంటే ముందుగా కూలి తెగడం అని బిస్మార్కుకు తెలిసింది. తెలియజేసింది కార్మికోద్యమం.

మన దేశంలో ఈ ఆలోచన రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వచ్చింది. కర్మాగార కార్మికుల ఆరోగ్యబీమా గురించి బి. పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరిలో కాన్పూరు, ఢిల్లీలలో అమలు ప్రారంభమయింది. వైద్యంతోపాటు జబ్బు కాలంలో సుమారు సగం కూలి ఇచ్చే ఏర్పాటు అప్పుడు అందులో ఉండేది. స్వతంత్ర భారతంలో శ్రామికవర్గం సాధించుకొన్న విలువైన హక్కులలో ఇది ఒకటి.

కాని ఎవరికి? యంత్రశక్తితో నడుస్తూ ఇరవైమంది, అంతకు పైన పనిచేసే కర్మాగారాలకు. 'రుతువారీ' కర్మాగారాలను చట్టం బయట ఉంచింది. రుతువారీ అంటే ఏమిటో చట్టమే నిర్వచించింది. అందులో పత్తి గింజ తీయడం, వేరుసెనగ కాయ ఒలవడం, బెల్లంతో సహా చక్కెర తయారీ ఉన్నాయి. మా చిత్తూరు సీమలో అప్పటికి పరిశ్రమ అన్నదల్లా వేరుసెనగ మిల్లూ, బెల్లం గానుగా కాదా! ఇక పొలంలో పనిచేసే కూలి, మగ్గం నేసేవాడు, బండి తోలేవాడు, బావి తవ్వేవాడు చట్టం ఆలోచనలోనే లేరు. ఎక్కువగా ఎముకలు విరిగేది వీళ్ళకే.

అప్పుడే మరొక నివేదిక వచ్చింది. 1943లో నియమించిన జోసెఫ్ భోర్ సంఘం 1946లో దేశ ఆరోగ్య వ్యవస్థకు ఒక సమగ్ర ప్రణాళిక ఇచ్చింది. ఇవ్వడానికి డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోరాదని అది సూత్రీకరించింది. సోవియట్ ఆరోగ్య వ్యవస్థను గురించి 1937లో పుస్తకం రాసిన హెన్రీ సిజెరిస్టు ఆ సంఘంతో చర్చించిన విదేశీ నిపుణులలో ఒకరు. పదివేల నుంచి ఇరవైవేల జనాభాకు ఒక ప్రాథమిక కేంద్రం, అందులో 75 పడకలు అన్నది ఆ సంఘం దూరకాలిక లక్ష్యం. పేదరికం, తిండి, ఇల్లు సరిపడకపోతే వైద్యం ఒక్కటే ఆరోగ్యాన్ని ఇవ్వలేదని కూడా అది గుర్తించింది.

ఈ రెండు నివేదికలూ పక్కపక్కనే పుట్టి, చేతులు కలపలేదు. అదార్కర్ నివేదిక కూలిని గుర్తించింది, పట్టణ కర్మాగారానికి పరిమితమయింది. భోర్ నివేదిక పల్లెను గుర్తించింది, వైద్యాన్ని ఇవ్వజూపింది, పోయే కూలిని ఎవరు ఇవ్వాలో చెప్పలేదు. పల్లె కూలికి జబ్బు చేస్తే కూలి ఇచ్చే ఆలోచన ఈ రెండింటి మధ్య సందులో జారిపోయింది. ఆ సందులోనే పుత్తూరు కట్టు నిలబడి ఉన్నది.

5

భోర్ నివేదిక అమలు కూడా కుంటుతూనే నడిచింది. 1952లో సమష్టి అభివృద్ధి పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. కాని ఒక్కొక్కటి ఒక బ్లాకు మొత్తానికి, 75 పడకలకు మారుగా నాలుగైదు పడకలతో. ప్రణాళికలలో నీటిపారుదలకూ, పరిశ్రమలకూ పెద్ద వాటా పోగా మిగిలినదానిలో ఆరోగ్యానికి దక్కింది స్వల్పం. పరిశ్రమను 'పెట్టుబడి' అనీ, ఆరోగ్యాన్ని 'ఖర్చు' అనీ లెక్కవేసే పద్ధతి అప్పుడే స్థిరపడింది. శ్రమశక్తి లేకుండా ఏ పరిశ్రమ నడుస్తుందో ఆ లెక్క చెప్పదు.

ఆసుపత్రులు లేకపోవడంవల్లనే జనం కట్టుకు పోతున్నారని కొందరంటారు. పుత్తూరు విషయంలో ఇది నిలవదు. దక్షిణాన వేలూరులో ఐడా స్కడర్ 1900లో ప్రారంభించిన వైద్యాలయం దేశంలోనే పేరెన్నికగన్న ఆసుపత్రిగా ఎదిగింది. తిరుపతిలో 1960లో వైద్యకళాశాల, దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి వచ్చాయి. 1985లో తిరుమల తిరుపతి దేవస్థానం కేవలం ఎముకలూ, అవయవాల లోపాల కోసమే బర్డ్ ఆసుపత్రిని నెలకొల్పింది. ఇవన్నీ పుత్తూరునుంచి ఒక్క పూటలో చేరగల చోట్లే. ఇవి లక్షల మందికి మేలు చేశాయి, చేస్తున్నాయి. అయినా కట్టుకు వచ్చే జనం ఆగలేదు. ఆసుపత్రి కట్టినంత మాత్రాన తీరని అవసరమేదో ఉన్నదన్నమాట.

దానిని వేలూరులోనే ఒక వైద్యుడు గుర్తించాడు. పాల్ బ్రాండ్ 1940ల చివరనుంచి కుష్ఠురోగుల వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్స చేసి వేళ్ళు తిరిగి కదిలేటట్టు చేశాడు. ప్రపంచ వైద్యచరిత్రలో అది గొప్ప విజయం. కాని కొందరు రోగులు తిరిగివచ్చి మొర పెట్టుకొన్నారు. చేతులు బాగయ్యాక బిచ్చం రావడం లేదు, పని ఇచ్చేవాడూ లేడు, ఇక బతికేదెట్లా అని. అప్పుడాయన శస్త్రచికిత్సతో ఆగక, వాళ్ళకు వడ్రంగం మొదలైన వృత్తులు నేర్పే కేంద్రం పెట్టాడు. చేయి బాగుచేసినంత మాత్రాన మనిషి బాగుపడడనీ, ఆ చేతికి పని ఉండాలనీ ఒక శస్త్రవైద్యుడికి రోగులే నేర్పారు. ఈ పాఠం ఒక ఆసుపత్రి ఆవరణ దాటి రాజ్య విధానంలోకి రాలేదు.

6

1980ల తర్వాత దారి మారింది. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రిని స్థాపించారు. ఆసుపత్రిని వాటాల పెట్టుబడితో నడిచే కంపెనీగా నిర్వహించే పద్ధతికి మన దేశంలో అది నాంది. ప్రభుత్వాసుపత్రులలో రుసుములు వసూలు చేయాలని ప్రపంచబ్యాంకు 1987లో సలహా ఇచ్చింది. 1993 నాటి దాని వార్షిక నివేదిక ఆరోగ్యాన్ని 'పెట్టుబడి'గా వర్ణించింది. వినడానికి ఇది మంచి మాటే. కాని తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే కొద్ది సేవలను ప్రభుత్వం ఉంచుకొని, మిగిలినదాన్ని మార్కెటుకు వదలాలన్నది దాని సారాంశం. 1991లో దేశం చేపట్టిన ఆర్థిక సంస్కరణలకు ఇది జతపడింది. 1990ల నడుమ ఆంధ్రప్రదేశ్ జిల్లా, ప్రాంతీయ ఆసుపత్రుల కోసం ప్రపంచబ్యాంకు అప్పు తెచ్చింది.

ఆ దశాబ్దం రాయలసీమ రైతుకు అప్పుల దశాబ్దం. వైద్యం కోసం చేసిన అప్పు ఆ అప్పులలో ఒక ముఖ్య భాగం. ఆ ఒత్తిడిలోంచి 2007 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీ ప్రారంభించి, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల రూపాయల వరకు పెద్ద జబ్బులకు ఉచిత చికిత్స, ప్రయివేటు ఆసుపత్రులలో కూడా. దీనివల్ల గుండె శస్త్రచికిత్స ఊహకు కూడా అందని కుటుంబాలలో మనుషులు బతికారు. ఈ వాస్తవాన్ని చిన్నబుచ్చే విమర్శ ప్రజల ముందు నిలవదు, నిలవరాదు.

అయితే దాని నిర్మాణం చూడండి. ప్రతి చికిత్సకూ ఒక ధర, ఆ ధర ఆసుపత్రికి. 1924లో సబ్సిడీ పల్లెలో కాపురముండే చిన్న వైద్యుడికి పోయింది. 2007లో సొమ్ములో పెద్ద భాగం పట్టణంలోని ప్రయివేటు ఆసుపత్రికి పోయింది. ధర ఉన్నది ప్రధానంగా చేరి చేయించుకొనే చికిత్సకు, అందులోనూ శస్త్రచికిత్సకు. ఇంటి దగ్గర పడుకొని ఎముకను అతకనిచ్చే పన్నెండు వారాలకు ధర లేదు. రాజ్యం వైద్యుడి పనికి కూలి కట్టింది. రోగి పని మానుకోవడానికి కూలి కట్టలేదు.

ఒక్కసారి ఈ గోడకు కిటికీ తెరుచుకొన్నది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'ఆరోగ్య ఆసరా' అనే ఏర్పాటు చేసింది. ఆరోగ్యశ్రీ కింద చికిత్స పొంది ఇంటికి వెళ్ళినవారికి, వైద్యుడు విశ్రాంతి చెప్పిన కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. మొత్తం చిన్నదే. సూత్రం మాత్రం చాలా పెద్దది. కోలుకొనే కాలానికి కూలి ఇవ్వాలని, కర్మాగారం గేటు బయటనున్న మనిషి విషయంలో ఒక ప్రభుత్వం ఒప్పుకొన్నది. మన వామపక్ష మిత్రులు సైతం దీన్ని మరొక నగదు పంపిణీగా చూసి ఊరుకొన్నారు. అందులో పోరాడి విస్తరించుకోదగిన హక్కు బీజం ఉన్నదని గుర్తించినవారు కొద్దిమందే.

దాని హద్దును కూడా గమనించాలి. పథకంలోని చికిత్స, పథకంలోని ఆసుపత్రి ఉంటేనే ఆ డబ్బు. 2005 నాటి ఉపాధిహామీ చట్టంలోనూ ఇదే హద్దు. పనిచోట గాయపడితే ఉచిత వైద్యం అన్నారు, కూలిలో సగానికి తగ్గని భత్యం అన్నారు. కాని ఆ భత్యం ఆసుపత్రిలో చేరినవారికి. పొద్దున కట్టు కట్టించుకొని సాయంత్రానికి ఇల్లు చేరిన మనిషికి చేయి విరగలేదన్నట్టే లెక్క.

7

ఇప్పుడు లెక్కల సంగతికి వద్దాం. దేశపు ఆరోగ్య ఖాతాల ప్రకారం, మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు తమ జేబునుంచి పెట్టినది 2013-14లో 64.2 శాతం. 2021-22కు అది 39.4 శాతానికి తగ్గింది. ప్రభుత్వ వ్యయం అదే కాలంలో జాతీయోత్పత్తిలో 1.15 శాతంనుంచి 1.84 శాతానికి పెరిగింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకొన్న 2.5 శాతం లక్ష్యానికి అది ఇంకా దిగువనే. పురోగతి ఉన్నది, ఒప్పుకుందాం. కాని ఈ 'జేబు ఖర్చు'లో పోయిన కూలి లేదు. ఆరోగ్య ఖాతా కొలిచేది వైద్యం మీద పెట్టిన సొమ్మును. ఇంటికి రాని సొమ్ము అందులోకి రాదు.

చిన్న లెక్క వేద్దాం. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధిహామీ కూలి రోజుకు 300 రూపాయలు. కాలు విరిగిన మనిషి పన్నెండు వారాలు, వారానికి ఆరు రోజుల పని పోగొట్టుకొంటే 72 రోజులు. 21,600 రూపాయలు. తోడున్న మనిషికి పది రోజులు పోతే మరొక 3,000. వైద్యం పూర్తిగా ఉచితమైనా 24,600 రూపాయల దెబ్బ. ఈ డబ్బు ఎక్కడనుంచి వస్తుంది? వడ్డీకి వస్తుంది. ఆవును అమ్మితే వస్తుంది. యజమాని దగ్గర ముందస్తు తీసుకొంటే వస్తుంది. ముందస్తు తీసుకొన్న మనిషి కోలుకొన్నాక కూలి బేరమాడలేడు, మరొకచోటికి పోలేడు. పిల్లవాడు బడి మాని పనికి పోతాడు. తరగతిలో ఖాళీ అయిన చోటు చూసి కారణం విచారించిన ఏ ఉపాధ్యాయుడికైనా ఇది తెలుసు. పూర్తిగా అతకని కాలితో పదవ వారానికే పనికి దిగితే ఆ కాలు మళ్ళీ విరుగుతుంది, లేదా వంకరగా అతుకుతుంది. అప్పుడు తప్పు కట్టుదంటారు, రోగి మూర్ఖత్వమంటారు.

ఆ విధంగా అనారోగ్యం కూలి రేటును కిందికి లాగుతుంది, అప్పును పెంచుతుంది, చదువును ఆపుతుంది. ఆరోగ్యానికీ ఆర్థిక వ్యవస్థకూ సంబంధమంటే బడ్జెటులో ఎంత శాతం అన్నది ఒక్కటే కాదు. శ్రామికుడి శరీరం చెడినప్పుడు దాన్ని బాగుచేసుకొనే కాలానికి ఎవరు పోషించాలి అన్నది మూలప్రశ్న. ఆ శరీరం బాగున్నన్నాళ్ళూ దాని శ్రమఫలితం భూస్వామికీ, మిల్లు యజమానికీ, కాంట్రాక్టరుకూ పోతుంది. చెడగానే దాని భారం మొత్తం దాని సొంతదారు మీద పడుతుంది. ఇది ప్రకృతి నియమమేమీ కాదు. 1883లో జర్మనీలో మారింది, 1948లో మన కర్మాగారాలలో కొంత మారింది.

8

కనుక మన కర్తవ్యం ఏమిటి? నాకు మూడు తోస్తున్నాయి.

మొదటిది, జబ్బుకాలపు కూలిని హక్కుగా కోరడం. ఆసుపత్రిలో చేరినా చేరకపోయినా, శస్త్రచికిత్స జరిగినా సుద్దకట్టు వేసినా, అర్హుడైన వైద్యుడు ఇన్ని వారాలు పని చేయరాదని చెప్పితే అన్ని వారాలకూ కనీస వేతనంలో సగానికి తగ్గకుండా వ్యవసాయ కూలికీ, నేతపనివాడికీ, ఇళ్ళలో పనిచేసే స్త్రీకీ అందాలి. 1948లో గేటు దగ్గర ఆగిపోయిన చట్టాన్ని పొలం దాకా నడిపించడమే ఇది.

రెండవది, కట్టు వైద్యాన్ని గాలికి వదలకుండా పరిశీలించడం. ప్రతి ప్రాథమిక కేంద్రానికీ కాకపోయినా ప్రతి మండలానికీ ఒక ఎక్స్‌రే ఉంటే, ఏది కట్టుతో అతికేదో ఏది కత్తి పట్టవలసినదో ముందే తేలుతుంది. అతికేదాన్ని ఎట్లా అతికిస్తున్నారు, ఎంతమందికి వంకరపోయింది అన్నది వైద్యకళాశాలలు లెక్కించి చెప్పాలి. పొగడ్తా వద్దు, తిట్టూ వద్దు.

మూడవది మన పని, అనగా విద్యార్థులది, ఉపాధ్యాయులది. ఒక్కొక్కరు తమ ఊళ్ళో గత రెండేళ్ళలో ఎముక విరిగిన పదిమందిని కలవండి. వైద్యానికి ఎంత పెట్టారని అడగండి. తర్వాత ఎన్ని రోజులు పని పోయిందో, ఆ రోజులలో ఏమి అమ్మారో, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారో, ఆ అప్పు తీరిందో లేదో అడిగి రాసుకోండి. ప్రభుత్వ ఖాతాలో లేని ఆ రెండవ లెక్క ఊరూరా పోగయితే, విధానాలు తయారుచేసేవాళ్ళు దానికి జవాబు చెప్పక తప్పదు.